వాడు ఎప్పుడనుకున్నాడు? క్రైమ్ డ్రామాలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

క్రైమ్ సీరియళ్ళు, వెబ్ సిరీస్‌లు రాస్తున్న రచయితలకు,

నమస్కారం.

కొన్ని వారాల కింద అమ్మా నేనూ కలిసి ఒక క్రైమ్ సిరీస్ చూశాం. దాని పేరు చెప్పను. మీలో ఎవరు రాశారన్నది కూడా ఈ ఉత్తరానికి ముఖ్యం కాదు. మొత్తం 8 ఎపిసోడ్లు. హీరో ఇన్‌స్పెక్టర్. ఆయన వెంట నీడలా తిరిగే సబ్ ఇన్‌స్పెక్టర్ ఒకడు. ఒకే జీపు, ఒకే టీ, ఒకరి ఇంటి తాళం ఇంకొకరి దగ్గర. ఎనిమిదో ఎపిసోడ్ ఆఖరి ఐదు నిమిషాల్లో తేలిందేమిటంటే, ముఠాకి మొదట్నుంచీ సమాచారం చేరవేస్తున్నది ఆ ఎస్సైనే. మ్యూజిక్ పెరిగింది. పాత సీన్లన్నీ గబగబా మళ్ళీ చూపించారు. ఇక్కడ ఫోన్ పక్కకి పెట్టాడు చూడండి, ఇక్కడ చూపు తిప్పుకున్నాడు చూడండి అని. నేను కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. భలే ట్విస్ట్ అనుకున్నాను కూడా.

అమ్మ మాత్రం ఒకటే అడిగింది. "ఎప్పుడనుకున్నాడ్రా వాడు?"

"ఏంటమ్మా?"

"అదే, ఇలా చెయ్యాలని. వాడి కూతురు పుట్టినరోజుకి ఈయన వెళ్ళాడు కదా. అప్పటికే అనుకున్నాడా? అనుకుని కూడా ఈయన నోట్లో కేకు పెట్టాడా?"

నాకు జవాబు తెలియలేదు. అమ్మ పడుకున్నాక నాలుగో ఎపిసోడ్‌కి వెళ్ళి ఆ పుట్టినరోజు సీన్ మళ్ళీ చూశాను. కేకు పెట్టేటప్పుడు ఆ ఎస్సై ముఖంలో ఏమీ లేదు. నటుడి తప్పు కాదది. అక్కడ ఉండాల్సింది ఎవరూ రాయలేదు. మీరు ఆ ద్రోహాన్ని ఎంత బాగా దాచారంటే, చివరికి అది మనిషిలోనే లేకుండా పోయింది.

ఈ ఉత్తరం రాయడానికి అమ్మ అడిగిన ఆ ప్రశ్నే కారణం.

నమ్మకద్రోహాన్ని మీరు ట్విస్ట్‌గా వాడుకుంటున్నారు. చూస్తున్నవాణ్ణి చివరి నిమిషంలో ఉలిక్కిపడేలా చేస్తే పని అయిపోయిందని అనుకుంటున్నారు. ఆ ఉలికిపాటు ఒక్కసారికే పనికొస్తుంది. రెండోసారి చూస్తే ఆ 8 ఎపిసోడ్లలో మిగిలేది దొంగాట మాత్రమే. నిజంగా మనసుని మెలిపెట్టిన ద్రోహాలు నేను కొన్ని టీవీలో చూశాను. వాటిని పదిసార్లు చూసినా పదోసారి కూడా గొంతు పట్టేసింది. వాటిలో దేన్లోనూ ద్రోహం చూసేవాడికి దాచిపెట్టలేదు.

మన భాషలో ద్రోహానికి ఉన్న మాటలు ఒకసారి తలచుకోండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం. వాసాలు లెక్కపెట్టాలంటే ముందు ఆ ఇంట్లో కడుపునిండా తినాలి. తిని, అక్కడే వెల్లకిలా పడుకుని, తీరిగ్గా పైకి చూడాలి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడానికి కొంతసేపు పడుతుంది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటాం. దానికీ ఓపిక కావాలి, దగ్గరగా కూర్చోవాలి. ఈ మాటలు పుట్టించినవాళ్ళకి ద్రోహం ఎంత నెమ్మదిగా, ఎంత దగ్గర్నుంచి జరుగుతుందో తెలుసు. మీ ఎపిసోడ్లలో నాకు కనిపించనిది ఆ లెక్కపెట్టే సమయమే.

'ది వైర్' మీలో చాలామంది చూసే ఉంటారు. 2002లో హెచ్‌బీఓలో మొదలైంది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో మత్తుమందు అమ్మే ముఠా ఒకవైపు, వాళ్ళ ఫోన్లు వింటూ కేసు కట్టే పోలీసులు ఇంకోవైపు. దాని సృష్టికర్త డేవిడ్ సైమన్ అదే ఊళ్ళో పత్రికకి పోలీసు వార్తలు రాసినవాడు. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ అక్కడే హత్యకేసుల డిటెక్టివ్‌గా పనిచేసి, తర్వాత పంతులుగా పాఠాలు చెప్పినవాడు. ఆ సిరీస్‌లో మొదటి సీజన్ 12వ ఎపిసోడ్‌లో, ఆ ముఠాకి పనిచేసే వాలెస్ అనే 16 ఏళ్ళ కుర్రాణ్ణి చంపేస్తారు. చంపేది శత్రువులెవరో కాదు, బోడీ, పూట్ అనే అతని స్నేహితులే.

ఆ చావు మనకి ఎందుకంత బరువుగా తగులుతుందో తెలియాలంటే ఆరో ఎపిసోడ్ మొదలుకి వెళ్ళాలి. పాడుబడ్డ ఒక ఇల్లు. బయటినుంచి లాక్కొచ్చిన కరెంటు వైరు ఒకటి ఇంట్లోకి పాకుతుంటుంది. లోపల నేలమీద చిన్నపిల్లలు నిద్రపోతుంటారు. వాలెస్ వాళ్ళని లేపుతాడు. తలా ఒక చిప్స్ పొట్లం, జ్యూస్ ప్యాకెట్ చేతిలో పెట్టి బడికి పంపిస్తాడు. తనే ఇంకా పిల్లాడు. విధేయత, ప్రాణస్నేహం, కుటుంబం లాంటి పెద్ద మాటలేవీ ఆ సీన్‌లో ఎవరూ అనరు. ఒక చిప్స్ పొట్లంతో ఆ కుర్రాడు ఎవరికి కట్టుబడి ఉన్నాడో మనకి అర్థమైపోతుంది.

ఆ ఉదయమే బయట వీధిలో, ఒక కారు మీద, చిత్రహింసలు పెట్టి చంపిన శవం పడి ఉంటుంది. ముఠా వెతుకుతున్న బ్రాండన్ అనే కుర్రాడిది. వాడు ఎక్కడున్నాడో కబురు పైకి వెళ్ళింది వాలెస్ నుంచే. ముఠాకి విధేయంగా ఉన్నాడు, మెప్పూ డబ్బూ వచ్చాయి. ఇప్పుడు పొద్దున్నే లేస్తే గుమ్మం బయట అది. ఆ రోజు నుంచి వాలెస్ నిలవలేడు. మత్తుకి అలవాటు పడతాడు, చివరికి పోలీసులకి చెప్పేస్తాడు. అమ్మ అడిగిన ప్రశ్నకి ఇక్కడ జవాబు ఉంది. ఎప్పుడనుకున్నాడు? ఆ శవాన్ని చూసిన పొద్దున. ఎందుకనుకున్నాడు? తన విధేయత ఏం చేసిందో కళ్ళారా చూశాడు కాబట్టి.

తర్వాత జరిగినదాన్లో పోలీసుల పాత్ర గురించి తక్కువమంది మాట్లాడతారు. నాకు మాత్రం అది చాలా పెద్ద విషయం. సాక్ష్యం చెప్పిన వాలెస్‌ని ఊరికి దూరంగా అమ్మమ్మ ఇంట్లో ఉంచుతారు. ఈలోగా వాళ్ళ డిటెక్టివ్ ఒకామెకి తూటాలు తగులుతాయి. అందరూ ఆ గొడవలో పడి ఈ కుర్రాణ్ణి మర్చిపోతారు. పాపం, పగబట్టి కాదు, ఉత్తినే మర్చిపోతారు. పల్లెటూరి నిశ్శబ్దంలో వాడికి తోచదు. అలవాటైన వీధులు, అలవాటైన స్నేహితులు గుర్తొస్తారు. తిరిగి వచ్చేస్తాడు. ద్రోహం అంటే ఎప్పుడూ కత్తే కానక్కర్లేదు. ఫోన్ చేసి "ఎలా ఉన్నావు బాబూ" అని అడగకపోవడం కూడా ద్రోహమేనని ఆ ఎపిసోడ్ చూపించింది. మీ పోలీసు కథల్లో ఇన్‌ఫార్మర్లు వస్తారు, సమాచారం ఇస్తారు, తర్వాతి సీన్‌లో మాయమైపోతారు. వాళ్ళేమయ్యారో హీరో అడగడు, మీరూ అడగరు.

ఇక ఆ చంపే సీన్. ముఠా నాయకుల్లో ఒకడైన స్ట్రింగర్ బెల్ నుంచి ఆజ్ఞ వచ్చిందని, ఇద్దరు స్నేహితులూ దానికోసమే వచ్చారని మనకి ముందే తెలుసు. వాలెస్‌కి తెలియదు. వాడు ఆ పాత ఇంట్లోకి వెళ్ళి పిల్లల కోసం వెతుకుతాడు. పిల్లలుండరు. వెనక్కి తిరిగితే బోడీ చేతిలో తుపాకీ. బోడీ తిడతాడు, మగాడిలా నిలబడమంటాడు. ఆ తిట్లు వాలెస్‌కి ఎంతో, తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి అంత. వాలెస్ తాము స్నేహితులమని గుర్తుచేస్తూ బతిమాలతాడు. ప్యాంటు తడిసిపోతుంది. బోడీ చెయ్యి వణుకుతుంది. పూట్ కానిమ్మంటాడు. మొదటి తూటా బోడీది. తర్వాత పూట్ ఆ తుపాకీ తీసుకుని ముగిస్తాడు.

ఈ సీన్ నేను అమ్మకి చూపించాను, పక్కన కూర్చుని మాటలు తెలుగులో చెబుతూ. అయిపోయాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్లలేమయ్యారు?" అంది. ఎప్పుడనుకున్నాడు అని అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు, ఆ వణికే చెయ్యి చూసింది కదా.

మీకు నేను చెప్పదలచుకున్నది బోడీ గురించి ఇంకొంచెం ఉంది. వాడు ఆ పని చేసింది ద్రోహబుద్ధితో కాదు. విధేయతతో. పైవాళ్ళు చెప్పారు, చేశాడు. తర్వాత రెండు సీజన్లు గడిచాయి, నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్ వచ్చింది, 2006 డిసెంబర్‌లో. పైన యజమానులు మారిపోయారు. బోడీ డిటెక్టివ్ మెక్‌నల్టీ పక్కన ఒక తోటలో కూర్చుని తన లెక్క చెప్పుకుంటాడు. చిన్నప్పట్నుంచీ ఈ పనిలో ఉన్నాను, ఒక్క లెక్క తప్పు రాలేదు, ఒక్క పైసా కాజేయలేదు, చెప్పిందల్లా చేశాను, మరి నాకు కష్టమొచ్చినప్పుడు వాళ్ళెక్కడ ఉన్నారు అన్నది వాడి బాధ. పోలీసుతో కనిపించాడన్న ఒక్క కారణానికి ఆ రాత్రే వాడికి చావు రాసిపెట్టి ఉంది. పూట్ వచ్చి పారిపోదాం రమ్మంటాడు. బోడీ కదలడు. తను నిలబడే ఆ వీధి మలుపులోనే నిలబడి ఎదురుకాల్పులు జరుపుతుంటే, వెనకనుంచి వచ్చినవాడు కాల్చేస్తాడు.

నాలుగేళ్ళ కింద స్నేహితుణ్ణి చంపినవాడు చనిపోతే నాకు ఏడుపొచ్చింది. అలా ఏడిపించగలిగారంటే ఆ రాసినవాళ్ళు బోడీని క్షమించారని కాదు, వాణ్ణి వదిలిపెట్టలేదని. మీరు ద్రోహం బయటపడగానే మనిషిని వదిలేస్తున్నారు. అప్పటిదాకా మనిషి, ఆ నిమిషం నుంచి విలన్. హీరో వాడి కాలర్ పట్టుకుంటాడు, నాలుగు డైలాగులు చెబుతాడు, అయిపోయింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా మీకు ఈ ఉత్తరం రాస్తే అది న్యాయంగా ఉండదు. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన ఒక ఆఫీసులో లెక్కల్లో పెద్ద పొరపాటు జరిగింది. దాన్లో నా చెయ్యీ ఉంది, నా స్నేహితుడి చెయ్యీ ఉంది. పెద్దాయన నన్ను పిలిచి, "ఈ షీట్ ఎవరు చేశారు?" అని అడిగారు. నేను స్నేహితుడి పేరు చెప్పలేదు. "చివర్లో నేను చూడలేదు సార్" అన్నాను. అంతే. అది చాలు. చివర్లో చూసింది ఎవరో ఆయనకి తెలుసు. మధ్యాహ్నం నా స్నేహితుడు రోజూలాగే టిఫిన్ బాక్సు మూతలో సగం కూర నాకు పెట్టాడు. వాడికింకా తెలియదు. నేను తిన్నాను. ఆ కూర తింటున్నప్పుడు నా ముఖంలో ఏముందో నేను చూసుకోలేదు గానీ, ఏమీ లేకుండా మాత్రం ఉండదు. నేను ఎప్పుడనుకున్నానో నాకు స్పష్టంగా తెలుసు. పెద్దాయన ప్రశ్న అడిగినప్పుడు కాదు. అంతకు ముందే, ఆ గది తలుపు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగినప్పుడు.

అందుకే అదే సిరీస్‌లో మూడో సీజన్ 11వ ఎపిసోడ్‌లోని బాల్కనీ సీన్ నన్ను అంతగా పట్టుకుంటుంది. ఏవన్ బార్క్స్‌డేల్, స్ట్రింగర్ బెల్ చిన్ననాటి స్నేహితులు, ముఠాకి ఇద్దరు నాయకులు. రాత్రిపూట బాల్కనీలో నిలబడి కింద నీళ్ళనీ, దీపాలనీ చూస్తూ పాత కబుర్లు చెప్పుకుంటారు. చిన్నప్పుడు దొంగిలించిన బ్యాడ్మింటన్ సెట్టు గుర్తుచేసుకుని నవ్వుకుంటారు. ఆడుకోవడానికి పెరడే లేని పిల్లలు ఆ నెట్‌తో ఏం చేసుకుంటారని. అప్పటికే స్ట్రింగర్ ఏవన్ దాక్కునే చోటు పోలీసులకి చెప్పేశాడు. స్ట్రింగర్ ఎక్కడ దొరుకుతాడో చంపేవాళ్ళకి అందేలా ఏవన్ ఒప్పేసుకున్నాడు. ఎవరి ద్రోహం వాళ్ళ కడుపులో ఉంది, ఎదుటివాడిది తెలియదు. మనకి రెండూ తెలుసు. ఇద్దరూ కౌగిలించుకుంటారు. ఆ కౌగిలి అబద్ధం కాదు. అందులో ప్రేమ నిజం, ద్రోహమూ నిజమే. ఈ రెండూ ఒకే చేతుల్లో ఉండగలవని తెలియనివాళ్ళు క్రైమ్ డ్రామా రాయకూడదని నా గట్టి నమ్మకం.

ఇక్కడ మీరు ఒక మాట అనొచ్చు. ముందే చెప్పేస్తే సస్పెన్స్ ఏముంటుంది, జనం ఎపిసోడ్ మధ్యలో ఆపేస్తారు అని. ఆ భయం నాకు అర్థమవుతుంది, మీ మీద ప్రెజర్ కూడా ఉంటుంది. ప్రతి ఎపిసోడ్ చివర ఒక షాక్ కావాలని అడిగేవాళ్ళుంటారు. కానీ ఆ బాల్కనీ దగ్గర నేను టీవీ ఆపలేకపోయాను. ఇప్పుడైనా ఒకడు నోరు విప్పుతాడేమో, ఇప్పుడైనా ఒకడు ఫోన్ తీసి ఆజ్ఞ వెనక్కి తీసుకుంటాడేమో అని చూస్తూ ఉండిపోయాను. దాన్ని మించిన టెన్షన్ నాకు ఏ ట్విస్టూ ఇవ్వలేదు.

ఆ బాల్కనీ సీన్ వచ్చిన 2004లోనే వచ్చిన ఇంకో ఎపిసోడ్ ఉంది, 'ది సోప్రానోస్' అనే మాఫియా సిరీస్ ఐదో సీజన్‌లో 12వది. ఏడ్రియానా అనే అమ్మాయిని ఎఫ్‌బీఐ వాళ్ళు ఒత్తిడి చేసి తమకి సమాచారం ఇచ్చేలా చేసుకున్నారు. ఆమె చివరికి ముఠాలో ఉన్న తన ప్రియుడు క్రిస్టఫర్‌కి ఆ మాట చెప్పేస్తుంది. అతను కోపంతో ఆమె గొంతు నులుముతాడు, తర్వాత ఏడుస్తాడు, ఇద్దరం సాక్షుల రక్షణలోకి వెళ్ళిపోదామన్నట్టు మాట్లాడతాడు. ఆపైన ఒక్కడూ బయటికి వెళ్తాడు. పెట్రోలు బంకు దగ్గర పాతకారులో ఒక సంసారం కనిపిస్తుంది, అలసిపోయిన తల్లిదండ్రులు, పిల్లలు. అతను వాళ్ళని చూస్తాడు. ఒక్క మాటా లేదు. ముఠాలో తన దర్జా అంతా పోయి తను అలా బతకాల్సి వస్తుందన్న సంగతి ఆ చూపులో తెలిసిపోతుంది. అమ్మ ప్రశ్నకి అంత సూటిగా జవాబిచ్చిన షాట్ ఇంకోటి నేను చూడలేదు. ఇక్కడ అనుకున్నాడు. ఈ బంకు దగ్గర. తర్వాత ఆమెని ఆస్పత్రికని చెప్పి కారెక్కించుకున్నది ముఠాలో వాళ్ళు ఎంతో నమ్మే పెద్దమనిషి సిల్వియో. కారు అడవి దారి పడుతుంది. ఆమె చావు కెమెరా చూపించదు, శబ్దం వినిపిస్తుంది అంతే.

పోలీసుల కథలకి కూడా ఇదే వర్తిస్తుంది. 'ది షీల్డ్' అనే అవినీతి పోలీసుల సిరీస్‌లో షేన్ తన తోటి పోలీసు లెమ్‌కి తినడానికి తెచ్చిచ్చి, మాట్లాడి, కారులో గ్రెనేడ్ వేస్తాడు. లెమ్ నోరు విప్పి అందర్నీ పట్టిస్తాడని షేన్ భయం. లెమ్ వాళ్ళ పేర్లు చెప్పేవాడు కాడు. ద్రోహం జరుగుతుందన్న భయమే ద్రోహం చేయించింది.

ఇన్‌ఫార్మర్ల విషయంలో మనం ముందునుంచీ రెండు నాలుకలతో మాట్లాడుతున్నాం. విభీషణుడికి పట్టాభిషేకం జరిగితే సంతోషిస్తాం. ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెతా మనదే, అది లంక పక్షాన నిలబడి అన్న మాట. కర్ణుడు దుర్యోధనుణ్ణి వదిలి రానన్నందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం, ఆ విధేయత ఎంతమందిని బలి తీసుకుందో కూడా మనకి తెలుసు. ఇంత చిక్కుముడి మన చేతిలో ఉండగా మీ కథల్లో మాత్రం పోలీసులకి చెప్పినవాడు పిరికివాడు, చెప్పనివాడు మగాడు. వాలెస్ చెప్పాడు. వాడు పిరికివాడని మీరు అనగలరా? ఎవరికి ద్రోహం, ఎవరికి విధేయత అన్నది ఎవరి గుమ్మంలో నిలబడి చూస్తున్నారన్న దాన్నిబట్టి మారిపోతుంది. ఆ గుమ్మం మార్చి మార్చి చూపించగలిగేది మీరే. సినిమాకి రెండున్నర గంటలే ఉంటాయి, మీకు ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ ఉంది.

మొదట చెప్పిన ఆ సిరీస్‌కి రెండో సీజన్ వస్తుందని విన్నాను. ఆ ఎస్సై జైల్లో ఉంటాడట. రాసినవారు ఈ ఉత్తరం చదువుతుంటే ఒక్క కోరిక. ఎక్కడో ఒకచోట, ఫ్లాష్‌బ్యాక్‌లోనైనా సరే, ఆ పుట్టినరోజు సీన్ మళ్ళీ రాయండి. ఈసారి ఎస్సైకీ తెలుసు, మాకూ తెలుసు, ఇన్‌స్పెక్టర్‌కి తెలియదు. పాప కొవ్వొత్తులు ఊదుతుంది. ఇన్‌స్పెక్టర్ నోరు తెరుస్తాడు. కేకు ముక్క పట్టుకున్న ఆ చెయ్యిని దగ్గరగా చూపించండి, మ్యూజిక్ వద్దు. మా అమ్మ చూస్తూ ఉంటుంది.

ఇట్లు,
మీ ఎపిసోడ్లన్నీ వదలకుండా చూసే ఒక ప్రేక్షకుడు